మేస్త్రీ ముందిస్తాడు, సర్కారు తర్వాతిస్తుంది

92 పైసలు. ఉపాధి హామీ కూలి ఆలస్యమైతే ఆరు రోజుల మస్టరుకు, అంటే హాజరు పట్టీకి, ప్రభుత్వం రోజుకింత అని కట్టాల్సిన పరిహారం ఇది. 2025-26లో తెలంగాణలో రోజు కూలి రేటు 307 రూపాయలు. ఆరు రోజులకు 1,842. మస్టరు ముగిసిన 15 రోజుల్లో డబ్బు ఖాతాలో పడకపోతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం కలపాలని నిబంధన. పల్లె భాషలో చెప్పాలంటే నూటికి రూపాయిన్నర వడ్డీ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో నూటికి రూపాయిన్నరకు అప్పు పుట్టిందంటే అదృష్టమే. రెండు రూపాయలు, మూడు రూపాయలు మామూలు. అంటే మట్టి తవ్వి తట్ట మోసిన ఆడమనిషి తన కూలిని సర్కారు దగ్గర రూపాయిన్నర వడ్డీకి వదిలేసి, ఆ వారం ఉప్పూ పప్పూ కోసం తాను మూడు రూపాయల వడ్డీకి చెయ్యి చాస్తోంది. ఆ రూపాయిన్నర కూడా అడిగితే వచ్చేది కాదనుకోండి, అది వేరే సంగతి.

పని లేక పేదైనవాళ్ల గురించి మనం చాలా రాసుకున్నాం. పాలమూరు కథ వేరు. ఇక్కడ పేదరికం పని చేసేవాళ్ల ఇంట్లోనే ఉంది. పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడిపోయిన ఈ మూడు జిల్లాల జనాభా 2011 లెక్కల ప్రకారం దాదాపు 20 లక్షలు. ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లు, ముంబై, పుణె రోడ్లు కట్టిన ‘పాలమూరు లేబర్’ వీళ్లే. దేశంలో ఒక జిల్లా పేరే ఒక రకం కూలికి పేరు కావడం ఎంత మందికి తెలుసో!

ఒక ఇంటి లెక్క వేద్దాం. పెబ్బేరు దగ్గరో ఐజ దగ్గరో ఒక పల్లె అనుకుందాం. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, ముసలమ్మ. సెంటు భూమి లేదు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలకు గీసిన పేదరికపు గీత మనిషికి నెలకు 860 రూపాయలు. ఐదుగురికి నెలకు 4,300, ఏడాదికి 51,600. అప్పటికీ ఇప్పటికీ ధరలు దాదాపు రెట్టింపయ్యాయి కాబట్టి ఈనాటి గీత లక్ష దాటి 1,03,200 దగ్గర ఉందనుకోవచ్చు. ఇది సుఖంగా బతకడానికి గీసింది కాదు, తిని, కట్టుకుని బతికి ఉండటానికి గీసింది.

ఇప్పుడు సర్కారు చేయి. కరువు పని అని ఊళ్లో పిలిచే ఉపాధి హామీ 2005 చట్టం కింద ఇంటికి వంద రోజులు. మనిషికి కాదు, ఇంటికి. ఇద్దరూ వెళ్తే చెరో 50. వందా పూర్తిగా దొరికితే 30,700. పద్నాలుగేళ్ల కింది గీతలో కూడా అది 60 శాతమే. పైగా వంద ఎవరికి దొరుకుతున్నాయి? దేశ సగటు 50 రోజుల చుట్టూ తిరుగుతోంది. 50 రోజులంటే 15,350. అదీ కొలత నిండితేనే. 307 అనేది రేటు మాత్రమే. వేసవిలో గట్టి నేల మీద గడ్డపార దిగకపోతే కొలతలో తగ్గింది కూలిలోనూ తగ్గుతుంది. పొద్దున ఆరింటికి పని చూసే మేటీ సెల్‌ఫోన్ పట్టుకుని అందరినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీస్తాడు, మళ్లీ రెండో పూట తీయాలి. సిగ్నల్ కోసం ఆ ఫోన్ పట్టుకుని గుట్టెక్కడం కూడా పనిలో భాగమే, దానికి కొలత లేదు.

రేషన్ బియ్యం మనిషికి 6 కిలోలు, ఇంటికి నెలకు 30 కిలోలు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. బజారులో కిలో 45 చొప్పున లెక్కేసినా ఏడాదికి 16,200 రూపాయల సరుకు. నన్నడిగితే ఈ మొత్తం జాబితాలో నికరంగా, నెలనెలా, ఎవరినీ బతిమాలకుండా ఇంటికి చేరేది ఇదొక్కటే. మిగతావన్నీ ప్రకటనల్లో పెద్దవి, ఇది మూటలో పెద్దది.

మూడోది ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000, రెండు విడతల్లో. 2025 జనవరి 26న పొరుగు జిల్లా నారాయణపేటలోని కోస్గి మండలం చంద్రవంచలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. ఆయన పుట్టిన కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లాలోదే కాబట్టి వలస సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పథకం మండలానికి ఒక్క ఊరితో మొదలైంది. రెండు విడతలూ పడ్డాయనే అనుకుందాం.

15,350, 16,200, 12,000. మొత్తం 43,550. గీత దాటడానికి ఇంకో 60 వేలు కావాలి. రోజుకు 400 చొప్పున ఆలుమగలు చెరో 75 రోజులు పొలం పనికి పోతే సరిపోతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం. కాగితం మీద ఈ ఇల్లు గీత దాటేసింది. నీతి ఆయోగ్ లెక్క కూడా ఆ మాటే అంటోంది: తెలంగాణలో బహుముఖ పేదరికం 2015-16లో 13.18 శాతం, 2019-21 నాటికి 5.88 శాతం.

మరి దసరా, దీపావళి దాటాక తలుపుకు తాళం వేసి, ముసలమ్మను మాత్రం అరుగు మీద వదిలి, ఆ ఇల్లు బస్సెందుకు ఎక్కుతుంది?

రోజుకు ఎంత వస్తుందన్నది సగం లెక్కే. ఒక్కసారిగా ఎంత కావాలన్నది మిగతా సగం. కూతురి పెళ్లి, ఎండిన బోరు నాటి బాకీ, ఆరోగ్యశ్రీ 10 లక్షలు ఇచ్చినా దాని పరిధిలోకి రాని మందులు, మంచం పక్కన కూర్చున్నవాళ్లు పోగొట్టుకున్న కూలి. 50 వేలు కావాలనుకోండి. నూటికి మూడు చొప్పున నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీ. ఏడాదంతా రేషన్ షాపు నుంచి మోసుకొచ్చిన బియ్యం విలువ ఆ వడ్డీకే చాలదు. అసలు అసలుగానే ఉంటుంది.

అప్పుడు గుంపు మేస్త్రీ వస్తాడు. 50 వేలు ఒక్కసారే చేతిలో పెడతాడు. ఆధార్ అడగడు, బ్యాంకు ఖాతా అడగడు, వడ్డీ మాటెత్తడు. వడ్డీ కూలిలోనే ఉంటుంది. ఆరేడు నెలలు ఎక్కడికి తీసుకుపోతే అక్కడ, ఎన్ని గంటలంటే అన్ని గంటలు. తిండి ఖర్చు వారానికింత ఇచ్చి, మిగతాది అడ్వాన్సు కింద తెంచుకుంటాడు. తెగకపోతే వచ్చే ఏడాదికి బాకీ. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ ఏర్పాటునే నేరమంది. చట్టం అలాగే ఉంది, మేస్త్రీ కూడా అలాగే ఉన్నాడు. ఎందుకంటే ఆ నెలలో ఆ 50 వేలు ఇచ్చేవాడు ఇంకొకడు లేడు. ఉపాధి హామీ పోటీ పడాల్సింది మేస్త్రీ ఇచ్చే రోజు కూలితో కాదు, అడ్వాన్సుతో. ఆ పోటీకి అది ఎప్పుడూ దిగలేదు.

క్యాలెండరు చూస్తే ఇంకా తెలుస్తుంది. మన దగ్గర కరువు పని జోరంతా వేసవిలో. మేస్త్రీ అడ్వాన్సులు పంచేది వానాకాలం పంట చేతికొచ్చి పొలం పని సన్నగిల్లే రోజుల్లో. సర్కారు తట్ట దింపిన నెలల్లో మేస్త్రీ సంచి విప్పుతాడు.

ఇక ఆత్మీయ భరోసా అర్హత దగ్గర ఆగాలి, ఇది వింతగా ఉంటుంది. 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలి. ఇరవై రోజులంటే చిన్న సంగతే. కానీ ఆ ఏడాది ముంబైలోనో హైదరాబాదులోనో ఇటుకలు మోసిన జంటకు ఆ ఇరవై కూడా ఉండవు. ఊరు దాటని కూలీ దొరికాడు, ఊరు దాటాల్సి వచ్చిన కూలీ జారిపోయాడు. అలాగే భూమి అసలే ఉండకూడదు. 10 గుంటలున్నా పట్టాదారు కిందే లెక్క. 40 గుంటలు ఎకరం. భూమి ఉన్నవాళ్లకిచ్చే రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున అతనికి వచ్చేది 3,000. పక్కింటి భూమిలేని కూలీకి 12,000. ఇద్దరూ పొద్దున ఒకే ఆటోలో మిరప చేనుకు పోతారు. తాత వదిలిన పావు ఎకరం అతనికి ఏడాదికి 9,000 నష్టం తెచ్చింది.

ఇంకోటి. వనపర్తి జిల్లాలో కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు, అమరచింత, గద్వాల జిల్లాలో అలంపూర్, వడ్డేపల్లి 2018లో మున్సిపాలిటీలయ్యాయి. వీధి దీపాలొచ్చాయి, పన్నులొచ్చాయి. ఉపాధి హామీ మాత్రం పల్లె పథకం కాబట్టి పోయింది. అది పోతే ఆ ఇరవై రోజుల రుజువూ పోయింది. నిన్నటిదాకా వరి నాటు వేసిన చేతులు పట్టణ చేతులైపోయాయి, నాటు మాత్రం అదే పొలంలో.

అమెరికాలో 1975 నుంచి ఒక పద్ధతి ఉంది. తక్కువ జీతానికి పనిచేసే కుటుంబం పన్ను లెక్కల కాగితం దాఖలు చేస్తే, కట్టాల్సిన పన్ను కంటే ఎక్కువే ప్రభుత్వం ఎదురిస్తుంది. పని చేస్తూ పేదగా ఉన్నవాళ్ల కోసమే పుట్టిన ఏర్పాటది. దానికి జీతం చీటీ కావాలి. పాలమూరు కూలీకి చీటీ ఎక్కడిది? రాతపూర్వకంగా ఉన్నవి రెండే: ఉపాధి హామీ మస్టరు, మేస్త్రీ జేబులోని నోటుపుస్తకం. ఒకటి సర్కారుకు కనిపిస్తుంది, రెండోది కనిపించదు. అందుకే ప్రతి పథకమూ మొదటిదాన్నే పట్టుకుని వేలాడుతోంది.

వలసపోయిన చోట చట్టం లేదా అంటే ఉండేది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కింద కాంట్రాక్టరు నెల కూలిలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది ఊరు వదిలిన భత్యంగా ఇవ్వాల్సి ఉండేది. వనపర్తి నుంచి ముంబైకి పోతే వర్తించేది. హైదరాబాదుకు పోతే రాష్ట్రం లోపలే కాబట్టి వర్తించేది కాదు. 2025 నవంబరు 21 నుంచి ఇది కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. పాత చట్టం ఐదుగురు కూలీలున్న కాంట్రాక్టరు నుంచే మొదలయ్యేది, కొత్తదానికి పది మంది కావాలి. రేషన్ కార్డు కూడా సరిహద్దు దగ్గర చిక్కిపోతుంది. మహారాష్ట్రలో కేంద్రం వాటా 5 కిలోలే దొరుకుతాయి, మన సన్నబియ్యం మన ఊళ్లోనే ఉండిపోతుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డైతే ఆ ఐదూ లేవు.

నడిగడ్డ సంగతి చెప్పకుండా గద్వాల లెక్క పూర్తి కాదు. కృష్ణా తుంగభద్రల మధ్య ఈ నేల హైబ్రిడ్ పత్తి విత్తనానికి పేరు. క్రాసింగ్ పని చూసినవాళ్లు మర్చిపోలేరు. మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చుకునే మొగ్గను వెతికి, రేకులూ కేసరాలూ గోటితో గిల్లి తీసి గుర్తు పెడతారు. పొద్దున మగ చెట్ల పూలు తెచ్చి ఒక్కో మొగ్గకు పుప్పొడి రాస్తారు. నెలల తరబడి, చేలో వేల మొగ్గలు. చిన్న వేళ్లకు వాటంగా ఉంటుందంటారు. చిన్న వేళ్లకు కూలి తక్కువ అనేది పైకి అనరు. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నిషేధం, ఇంటి పొలంలో బడి వేళల తర్వాత సాయం చేయొచ్చని మినహాయింపు. మొగ్గ మాత్రం బడి గంట చూసుకుని విచ్చుకోదు. 2011లో గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రంలో అన్నిటికన్నా కింద. రాష్ట్ర సగటు 66.54.

ఇక్కడ కూడా ముందు డబ్బే పెత్తనం చేస్తుంది. రైతుకు పెట్టుబడి ఇచ్చేది విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య నిలిచే ఆర్గనైజర్. విత్తనం పరీక్షలో నెగ్గాకే లెక్క తేలేది. అడ్వాన్సు కింద ఉన్న రైతు, అతని చేలో అడ్వాన్సు కింద ఉన్న కూలీ.

నీళ్లు రావడం పెద్ద మార్పే, కాదనలేం. నెట్టెంపాడు 2 లక్షల ఎకరాలకు, భీమా 2.03 లక్షల ఎకరాలకు ఉద్దేశించిన ఎత్తిపోతలు. కల్వకుర్తి ఎత్తిపోతలు తోడయ్యాక నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల వరి కనిపిస్తోంది, వరితో నాట్లు, కలుపు, కోతల కూలి. కొన్ని ఊళ్లలో వలస తగ్గడానికి ఏ పథకం కన్నా కాలువే ఎక్కువ కారణమని నా నమ్మకం. కానీ చివరి చేను దాకా నీళ్లు పారని చోట పాత కథే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లలో సగం మంది జార్ఖండ్ వాళ్లు. ఊరూరా తిరిగి సొరంగాలు తవ్విన జిల్లాకు సొరంగం తవ్వడానికి వచ్చినవాళ్లూ వలస కూలీలే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజులు 125. ఇదే 307తో గుణిస్తే 38,375. అయితే ఇదివరకు కూలి మొత్తం కేంద్రమే భరించేది, ఇకపై 60:40 వాటాలో రాష్ట్రమూ భరించాలి. విత్తు, కోత కాలాల్లో మొత్తం 60 రోజులు పని ఆపొచ్చు. ఆ అరవై రోజుల్లో పక్కన సర్కారు పని ఉందన్న ధీమాతోనే కూలీలు చేను కాడ రేటు అడిగేవారు. 25 రోజులు కలిపిన చోటే ఆ ధీమా తీసేశారు. లాభమో నష్టమో తేల్చడానికి 307ను 25తో గుణిస్తే చాలదు.

మేస్త్రీ సంచి విప్పే నవంబరులో సర్కారు పని కావాలంటే పంచాయతీలో దరఖాస్తు పెట్టొచ్చు. తేదీ వేసిన రశీదు ఇవ్వాలి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 2005 చట్టం రాసింది: మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతుకు తగ్గకుండా, అంటే 76 రూపాయల 75 పైసలు, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. భృతి కట్టాల్సింది రాష్ట్రం కాబట్టి రశీదు రాసే చెయ్యి కొంచెం బరువెక్కుతుంది. రశీదు లేకపోతే పదహారో రోజు ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేరు. మేస్త్రీ నోటుపుస్తకంలో మాత్రం అడ్వాన్సు ఇచ్చిన తేదీ, పక్కనే వేలిముద్ర ఉంటాయి.