గచ్చిబౌలిలో గోలు ఎందుకు పడలేదు?

2024 సెప్టెంబరు 3న హైదరాబాద్ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో భారత్, మారిషస్ తలపడ్డాయి. ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో అది తొలి మ్యాచ్. 2008 ఛాలెంజ్ కప్ తర్వాత మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్‌లో ఆడటం అదే మొదలు. ఫిఫా ర్యాంకుల్లో మనది 124, మారిషస్‌ది 179. గెలుస్తామా లేదా అన్నది కాదు, ఎన్ని గోల్స్‌తో అన్నదే అనుమానం. తొంభై నిమిషాలూ అయ్యాయి, స్కోరు 0–0. ఆరు రోజుల తర్వాత సిరియా 3–0తో మనల్ని ఓడించి కప్పు పట్టుకెళ్లింది.

ఇలాంటప్పుడు ముందుగా తిట్లు పడేది కోచ్‌కే. ఇక్కడ మాత్రం ఆ తిట్టు అంత సులువుగా అతకదు. అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ హైదరాబాద్‌కు కొత్తవాడేం కాదు. 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిపింది ఆయనే. (కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. సొంత ఊరి జనం గెలుపు సంబరాన్ని టీవీలోనే చూసుకున్నారు, ఈ మారిషస్ మ్యాచ్ నీరసాన్ని మాత్రం టికెట్ కొని చూశారు.) అదే కోచ్, అదే ఊరు. మరి తేడా ఎక్కడ? క్లబ్బు జట్టు రెండు సీజన్లపాటు రోజూ ఆయన చేతికింద నలిగింది. జాతీయ జట్టు శిబిరం మొదలైంది మ్యాచ్‌కు మూడు నాలుగు రోజుల ముందు.

తెనాలి, రేపల్లె వైపు పెద్దవాళ్లకు కాంట్రాక్టు నాటకాలు గుర్తుండే ఉంటాయి. పేరున్న పద్యనటులను తలో ఊరి నుంచీ పిలిపించి, ఒకే రాత్రి ఒకే స్టేజీ ఎక్కించేవారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే వేషానికి ఇద్దరు ముగ్గురు. రిహార్సల్ ఉండేది కాదు. పద్యం వరకు ఎవరికి వారు అదరగొట్టేవారు, వన్స్‌మోర్లు పడేవి. ఇద్దరు కలిసి నడపాల్సిన సంభాషణ వచ్చేసరికి నాటకం చతికిలబడేది. మన జాతీయ జట్టుదే కాదు, ప్రపంచకప్పుకొచ్చే పెద్ద పెద్ద జట్లదీ చాలావరకు ఇదే అవస్థ. ఏడాదంతా వేరువేరు క్లబ్బుల్లో, వేరువేరు పద్ధతుల్లో ఆడి, అలసిన కాళ్లతో వచ్చి ఒకచోట చేరతారు.

కానీ రిహార్సల్ లేకపోవడం రెండు జట్లకీ ఒకటే కదా, మారిషస్‌కు మాత్రం ఎలా సరిపోయింది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. కాపాడుకోవడం మూడు రోజుల్లో నేర్పొచ్చు, ఛేదించడం నేర్పలేం. బలహీనమైన జట్టు ఏం చేస్తుంది? పదిమందీ తమ పెనాల్టీ ఏరియా ముందు రెండు వరసలు కడతారు. బంతి కుడివైపు వెళ్తే అందరూ కుడికి, ఎడమవైపు వెళ్తే అందరూ ఎడమకి జరుగుతారు. ఇద్దరు డిఫెండర్ల మధ్య మనిషి దూరేంత సందు ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఆ క్షణంలో పాస్ ఇచ్చేవాడు తలెత్తేలోపే అందుకునేవాడు పరుగు మొదలెట్టి ఉండాలి. చూసి, ఆలోచించి, వెళ్దామనుకునేసరికి సందు మూసుకుపోతుంది. నోటితో చెబితే వచ్చే విద్య కాదిది. ఆ ఇద్దరే వందలసార్లు కలిసి ఆడితే పట్టుబడుతుంది.

ఒకప్పటి జాతీయ జట్టు కోచ్ రహీమ్ సాబ్ కాలంలో ఈ తిప్పలు కొంత తక్కువ. 1950 నుంచి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన భారత జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు ఆయన పోలీసు జట్టువాళ్లే. ఎవరు ఎటు కదులుతారో ఆయనకూ తెలుసు, వాళ్లలో వాళ్లకూ తెలుసు.

ఇక రెండో చిక్కు, గోలు అరుదు కావడం. 2022 ప్రపంచకప్పులో 64 మ్యాచ్‌లకు 172 గోల్స్, అంటే మ్యాచ్‌కు మూడు కూడా లేవు. క్రికెట్‌లో ఒక తప్పు చేస్తే ఓ ఫోరో సిక్సో పోతుంది. ఇక్కడ ఒక్క తప్పుకు మ్యాచే పోతుంది. అందుకే భయం. 1990 ఇటలీ కప్పులో ఆ భయం పరాకాష్ఠకు చేరింది. 52 మ్యాచ్‌లకు 115 గోల్సే. మరడోనా ఉన్న అర్జెంటీనా ఆరు మ్యాచ్‌ల్లో కలిపి అయిదు గోల్స్ కొట్టి, రెండుసార్లు పెనాల్టీ షూటౌట్లతో గట్టెక్కి ఫైనల్ దాకా వచ్చేసింది. తర్వాత నిబంధనలు మార్చారు. సహచరుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోలీ చేత్తో పట్టడాన్ని 1992లో నిషేధించారు. 1994 కప్పులో గెలుపుకు రెండుకు బదులు మూడు పాయింట్లిచ్చారు. గోల్స్ పెరిగాయి. అయినా ఆ ఏడాది ఫైనల్లో మాత్రం ఒక్క గోలూ పడలేదు! యూరప్ టీవీల వేళకు సరిపోయేలా అమెరికాలో మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడించారు. బ్రెజిల్, ఇటలీ 120 నిమిషాలు ఈడ్చి పెనాల్టీలతో తేల్చుకున్నాయి.

2026 కప్పు లెక్క చూడండి. 48 జట్లు, 12 గ్రూపులు. గ్రూపుల్లోనే 72 మ్యాచ్‌లు ఆడితే ఇంటికెళ్లేది 16 జట్లే. మూడో స్థానంలో ఉన్నవాళ్లలోనూ ఎనిమిది జట్లు ముందుకెళ్తాయి. ఓడకుండా ఉంటే చాలన్న ఆలోచన పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? 24 జట్లతో ఆడిన 2016 యూరో కప్పులో పోర్చుగల్ గ్రూపులో మూడింటికి మూడూ డ్రా చేసుకుని, మూడో స్థానంతో బయటపడి, చివరికి కప్పే ఎత్తుకెళ్లింది. నియమాలు అనుమతించిన పనే చేసింది. దాన్ని తప్పుపట్టలేను గానీ, మళ్లీ కూర్చుని చూడమంటే మాత్రం నావల్ల కాదు.

రేపల్లె వైపు మా నగరం మండలం బడుల్లో వాలీబాల్ నెట్ కనిపించినంతగా గోల్‌పోస్టు కనిపించదు. అయినా ప్రపంచకప్పు వచ్చిందంటే రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లు ఏరేటర్ల హోరులో ఫోన్లు చూస్తూ కూర్చుంటారు. వాళ్లు పెరిగింది రీల్స్‌లో మెస్సీ గోల్స్ చూస్తూ. ఏళ్ల తరబడి ఆటలోంచి ఏరిన తునకలవి. నిద్ర మానుకుని అలాంటి తునక కోసం ఎదురుచూసేవాడికి ఈ రెండు వరసల కోట కనబడితే ఒళ్లు మండదా?

గచ్చిబౌలికి 2024 నవంబరులో మలేసియా వచ్చింది. 1–1 డ్రా. 2024లో భారత జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులను 3–0తో ఓడించింది. అందుకోసం రిటైరైన 40 ఏళ్ల సునీల్ ఛెత్రీని మళ్లీ రప్పించాల్సి వచ్చింది. ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ అర్హత మ్యాచ్ ఆడితే, మళ్లీ 0–0.