ఊరు జంషెడ్‌పూర్, స్టేషన్ టాటానగర్: మొబైల్ యాప్‌లో వెతుకులాట

భారత రైల్వే పటాన్ని చూసినవారికి టాటానగర్ జంక్షన్ పేరు సుపరిచితమే. కాని ఆ స్టేషన్ ఉన్న నగరం పేరు టాటానగర్ కాదు, జంషెడ్‌పూర్. 1919లో అప్పటి వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్, సాక్చి ప్రాంతంలో వెలసిన ఉక్కు పట్టణానికి జంషెట్జీ టాటా స్మారకంగా జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. అంతవరకు కాలీమాటిగా వ్యవహరింపబడిన రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది. ఒకే మహనీయుని పేరులో ముందు భాగం ఊరికీ, ఇంటిపేరు స్టేషన్‌కూ దక్కాయన్నమాట. ఇన్ని దశాబ్దాలలో ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ పెద్దగా ఇబ్బంది కలగలేదు. టికెట్ కౌంటరు వద్ద "జంషెడ్‌పూర్" అన్నా, "టాటా" అన్నా గుమస్తాకు అర్థమయ్యేది. కౌంటరు స్థానాన్ని చేతిలోని ఫోను ఆక్రమించిన తరువాతనే చిక్కు మొదలైంది.

విజయనగరంలో ఒక తల్లి, ఉద్యోగరీత్యా జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన కుమారుని చూడడానికి బయలుదేరుతున్నదనుకుందాం. ఫోనులో ఏదో ఒక టికెట్ యాప్ తెరిచి, గమ్యస్థానమనే గడిలో ఊరి పేరులోని మొదటి అక్షరాలు టైపు చేస్తుంది. రైల్వే జాబితాలోని పేర్లను మాత్రమే ఎరిగిన యాప్ అయితే ఆమె ముందు జమ్మూ తావి, జామ్‌నగర్, జమాల్‌పూర్, జముయి వరుసగా నిలుస్తాయి. ఒకటి కాశ్మీరు దారిలో, మరొకటి గుజరాత్‌లో, తక్కిన రెండూ బీహారులో! పేరు పూర్తిగా టైపు చేస్తే "ఫలితాలు లేవు" అన్న సమాధానం వస్తుంది. జంషెడ్‌పూర్‌కు రైలే లేదనుకుని ఆమె ఫోను పక్కన పెట్టవచ్చు. జామ్‌నగర్‌ను ఎంచుకుంటే మరీ ప్రమాదం. నిజానికి ఆమెకు కావలసిన రైలు తన ఊరి మీదుగానే పోతుంది.

ఈ పరిస్థితిలో చాలామంది తమనే నిందించుకుంటారు. "మాకు ఈ ఫోన్లు చేతకావు" అని పెద్దలు అనడం మనం వింటూనే ఉన్నాము. చేతకానిది వారికి కాదని, ఆ గడిని తయారుచేసిన విధానంలోనే లోపం ఉన్నదని మేము దృఢంగా భావిస్తున్నాము. సెర్చ్ గడి రిజిస్టరులోని పేరును అడగకూడదు. మనిషి నోట వచ్చే పేరును గుర్తించాలి.

దీనికి విరుగుడు చాలా సామాన్యమైనది. ప్రతి స్టేషన్‌కు అధికారిక నామంతోపాటు మారుపేర్ల పట్టిక ఒకటి జతచేయాలి. టాటానగర్ వరుసలో జంషెడ్‌పూర్, టాటా అన్న పేర్లు చేరుతాయి. ఇటువంటి పట్టిక అవసరం ఒక్క టాటానగర్‌కే పరిమితం కాదు. జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలలో ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చినవారు ఎందరో ఉన్నారు. వారు స్వగ్రామానికి పోవాలంటే దిగేది ఆమదాలవలసలో. రైల్వే జాబితాలో దాని పేరు శ్రీకాకుళం రోడ్. దాని సంకేతాక్షరాలు సి.హెచ్.ఇ. అనగా ఇంగ్లీషువారు శ్రీకాకుళానికి పెట్టిన చికాకోల్ అన్న పేరు, ఊరి నోట నుంచి పోయినా సంకేతంలో మిగిలిపోయింది. విజయవాడ సంకేతం బి.జెడ్.ఎ. కూడా పాత బెజవాడ జ్ఞాపకమే. ఇక 2018లో మొఘల్‌సరాయి జంక్షన్, పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయింది. సంకేతం సైతం మారింది. 2020లో అలహాబాద్ జంక్షన్ ప్రయాగ్‌రాజ్ జంక్షన్ అయింది. పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. ప్రయాణికుల అలవాటు మారడానికి ఒక తరం పడుతుంది. ఆ మధ్యకాలమంతా పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే స్టేషన్‌కు దారి చూపవలసిందే.

తెలుగులో టైపు చేసేవారికి మరికొన్ని చిక్కులు అదనం. ఇవి కంటికి కనబడనివి కనుక కొంచెం వివరంగా చెప్పుకుందాం.

కంప్యూటర్ మన అక్షరాలను చూడదు. ప్రతి గుర్తుకూ కేటాయించిన సంఖ్యను మాత్రమే చూస్తుంది. ప్రపంచ లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి రూపం నుంచే తెలుగుకు 128 స్థానాల విభాగం ఉన్నది. "శ్రీకాకుళం" అన్న మాటలో మన కంటికి కనబడేవి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం పది గుర్తులు: శ, పొల్లు, ర, ఈత్వం, క, ఆత్వం, క, ఉత్వం, ళ, సున్న. ఇంతవరకు బాగానే ఉన్నది. "జంషెడ్‌పూర్" అని రాసేటప్పుడు డకారం కింద పకారం వత్తుగా చేరకుండా ఉండడానికి ఆ రెండింటి మధ్య ఒక అదృశ్య చిహ్నాన్ని ఉంచుతారు. కొన్ని కీబోర్డులు దానిని తామే చేర్చుతాయి, కొన్ని చేర్చవు. పట్టికలోని పేరులో ఆ చిహ్నం ఉండి, మనం టైపు చేసినదానిలో లేకపోతే, కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పదాలు. అంతకన్నా విచిత్రం, "రైలు" అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా నమోదు చేయవచ్చు. ఒకే గుర్తుగా ఒక విధం, ఎత్వమూ దాని కింది భాగమూ కలిపి రెండు గుర్తులుగా మరొక విధం. చూపునకు రెండూ ఒకటే. సరిపోల్చితే మాత్రం కలవవు!

అందుచేత సెర్చ్ ప్రారంభానికి ముందే రెండు వైపుల పదాలనూ ఒకే రూపానికి తేవాలి. అదృశ్య చిహ్నాలను తొలగించాలి, ఐత్వాన్ని ఏకరూపం చేయాలి, "జమ్షెడ్" అన్నా "జంషెడ్" అన్నా ఒకటిగా భావించాలి. శ, ష, సలకు, ళ, లలకు, ణ, నలకు, ఒత్తు ఉన్న హల్లులకు, లేనివాటికి, హ్రస్వదీర్ఘాలకు కొంత సడలింపు ఇవ్వాలి. భాషాభిమానులు దీనిని తప్పు పట్టనవసరం లేదు. అచ్చులో పేరు సరిగానే కనబడుతుంది, వెతికేటప్పుడు మాత్రమే ఈ ఉదారత. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు టైపు చేసే పిల్లలకు సైతం ఇది వర్తిస్తుంది. శ్రీకాకుళంలోని "శ్రీ"ని ఒకే ఇంటిలో ముగ్గురు మూడు విధాలుగా రాస్తారు.

ఇక అక్షరదోషాల మాట. ఒక పదాన్ని మరొక పదంగా మార్చడానికి కనీసం ఎన్ని గుర్తులు చేర్చాలో, తీసివేయాలో, మార్చాలో లెక్కించే పద్ధతిని రష్యన్ శాస్త్రవేత్త వ్లదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించారు. నేటికీ అనేక సెర్చ్ వ్యవస్థలకు ఇదే ఆధారం. అయితే దీనిని విచక్షణ లేకుండా ప్రయోగిస్తే కొత్త అనర్థాలు పుట్టుకొస్తాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో తునికీ పూరీకీ మధ్య తేడా రెండే అక్షరాలు. రెండు తప్పులను క్షమించే యాప్, తునికి పోవలసినవారికి పూరీని చూపవచ్చు. జగన్నాథ దర్శనం పుణ్యమే కాని, ఆ రోజు పని మాత్రం చెడుతుంది. కాబట్టి పేరు చిన్నదైతే సడలింపు ఒక్క గుర్తుకు మించరాదు. పొడవు పెరిగినకొద్దీ పెంచవచ్చు. ఫలితాల వరుసలోనూ సంకేతాక్షరాలతో లేదా పూర్తి పేరుతో సరిగా కలిసినది ముందు, మారుపేరుతో కలిసినది తరువాత, ఆ పిమ్మట పేరు ప్రారంభంతో కలిసినవి, అన్నిటికన్నా చివర ఉజ్జాయింపు పోలికలు రావాలి. ప్రతి పేరు పక్కన రాష్ట్రం పేరు చిన్న అక్షరాలలో ఉంటే జామ్‌నగర్ ప్రమాదం చాలావరకు తొలగినట్లే.

నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట మరొక తమాషా జరుగుతుంది. మనం "టా" అని టైపు చేయగానే ఒక ప్రశ్న, "టాటా" అనగానే మరొక ప్రశ్న సర్వరుకు పోతాయి. రెండవ ప్రశ్నకు జవాబు ముందు వచ్చి, మొదటి ప్రశ్న జవాబు ఆలస్యంగా వచ్చి దాని మీద కూర్చుంటుంది. కావలసిన పేరు మీద వేలు మోపేలోగా జాబితా మారిపోతుంది. ప్రతి ప్రశ్నకూ వరుస సంఖ్య ఇచ్చి, పాత ప్రశ్నల జవాబులను విసర్జించడం దీనికి మందు. వేలు ఆగిన తరువాత సెకనులో మూడవ వంతు కాలం వేచి ఉండి ప్రశ్న పంపడం మరొక జాగ్రత్త. కాని మా అభిప్రాయంలో ఈ రెండింటికన్నా మేలైన మార్గం ఒకటున్నది. దేశంలోని రైల్వే స్టేషన్లు 7,000కు పైగా. ఈనాటి ఫోనుకు అది లెక్కలోనిది కాదు. ఆ పట్టికను మారుపేర్లతో సహా ఫోనులోనే ఉంచి, మార్పులు జరిగినప్పుడు మాత్రం తాజా పరిస్తే చాలు. పేరు వెతకడానికి నెట్‌వర్క్‌తో పనే ఉండదు.

పేరు దొరికిన తరువాత ప్రయాణికుడు ఒక పేజీ నుంచి మరొక పేజీకి పోవాలి, అవసరమైతే వెనుకకు రావాలి. ఇక్కడ జరిగే నష్టం తత్కాల్ టికెట్ తీసేవారికి బాగా అనుభవం. ప్రయాణానికి ముందు రోజు ఉదయం 10 గంటలకు ఎ.సి. తరగతులకు, 11 గంటలకు తక్కిన తరగతులకు తత్కాల్ బుకింగ్ తెరుచుకుంటుంది. ఊరిలో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందన్న కబురు అందినవారికి ఆ నిమిషాలు ఎంత విలువైనవో వేరుగా చెప్పనక్కరలేదు. నలుగురి పేర్లు, వయస్సులు నింపి, తేదీ సరిచూసుకుందామని బ్యాక్ బటన్ నొక్కితే, నింపినదంతా తుడిచిపెట్టుకుపోయిన యాప్‌ను మేము చూశాము (దాని పేరు ఇక్కడ అప్రస్తుతం).

యాప్‌లోని పేజీలను వంటింటిలోని పళ్లేల దొంతరతో పోల్చవచ్చు. కొత్త పేజీ తెరిస్తే దొంతర మీద మరొక పళ్లెం పెట్టినట్లు, బ్యాక్ నొక్కితే పై పళ్లెం తీసినట్లు. స్టేషన్‌ను ఎంచుకోవడంతో సెర్చ్ పేజీ పని ముగిసినట్లే. ఆ పళ్లేన్ని అప్పుడే తీసివేయాలి. అలా తీయకపోతే బ్యాక్ నొక్కినప్పుడల్లా ఆ పేజీయే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. లాగిన్ పేజీ కూడా అటువంటిదే. పాస్‌వర్డ్ ఇచ్చినవారిని ముంగిలికి పంపకూడదు, ఆగిన చోటికే చేర్చాలి. మధ్యలో ఫోన్ కాల్ వస్తే, మెమరీ చాలని ఫోనులో ఆండ్రాయిడ్ వ్యవస్థ వెనుకనున్న యాప్‌ను నిశ్శబ్దంగా మూసివేయవచ్చు. నింపిన వివరాలను ఎప్పటికప్పుడు భద్రపరచని యాప్ తిరిగి తెరుచుకునేసరికి అన్నీ ఖాళీ. పరీక్షించేవారు ఖరీదైన ఫోనులో, ఆఫీసు వై-ఫైలో కూర్చుని చూస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు. తక్కువ ధర ఫోనులో, బుకింగ్ మధ్యలో ఎవరిచేతనైనా కాల్ చేయించి చూడాలి.

బటన్ల పరిమాణం గురించి ఒక్క మాట. లక్ష్యం చిన్నదైనకొద్దీ, దూరమైనకొద్దీ దానిని తాకడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే నిరూపించారు. వేలితో నొక్కే బటన్ సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గరాదని ఆండ్రాయిడ్ సూచనలు చెబుతున్నాయి. వణికే వేళ్లకు అదీ తక్కువే. ముఖ్యమైన విభాగాలను మూడు గీతల గుర్తు వెనుక దాచిపెట్టడం మాకు సమ్మతం కాదు. తెర అడుగున మూడు నుంచి అయిదు బటన్లు, ప్రతి గుర్తు కింద దాని పేరు ఉంటే బొమ్మ భావమేమిటో ఊహించే పని తప్పుతుంది.

ఈ విషయాలు టికెట్లకే పరిమితమని పాఠకులు భావించరాదు. సెలవు దరఖాస్తు, జీతం చీటీ, వైద్యశాల రిఫరల్ వంటివన్నీ నేడు అనేక సంస్థలలో ఫోనులోకి వస్తున్నాయి. పదవీ విరమణ చేసినవారు ఆసుపత్రిని వెతికేటప్పుడు దాని రిజిస్టర్డ్ నామం టైపు చేయరు. వాడుక పేరో, పేటపేరో టైపు చేస్తారు. అటువంటి యాప్ నిర్వాహకులకు మేము చెప్పదలచిన చవకైన ఉపాయం ఒకటున్నది. "ఫలితాలు లేవు" అన్న జవాబు పొందిన మాటలను, అడిగినవారి వివరాలు లేకుండా, నెలకొకసారి జాబితాగా తీసి చదవండి. మారుపేర్ల పట్టికకు అంతకు మించిన ముడిసరుకు లేదు.

టాటానగర్ వరకు అయితే పరీక్షకు కావలసిన మాటలు ఇప్పుడే ఇవ్వవచ్చు: టాటా, టాటానగర్, తాతానగర్, జంషెడ్‌పూర్ (అదృశ్య చిహ్నంతో ఒకసారి, లేకుండా ఒకసారి), జమ్షెడ్పూర్. నగరంలోని పేటల పేర్లు సాక్చి, బిష్టుపూర్, కద్మా, సోనారి టైపు చేసినా అదే స్టేషన్ రావాలి. కాలీమాటి అని వెతికేవారు ఇప్పుడు ఉండకపోవచ్చు. అయినా ఆ పేరును కూడా చేర్చమనే మేము అంటాము. పట్టికలో ఒక్క వరుసే కదా!