మీకు తెలుసా? డాక్టరు రాసినా కౌంటర్‌లో ఆగిపోయే మందు

అమెరికా ఫార్మసీలో కంప్యూటర్ తెర మీద 75 అనే కోడ్ వచ్చిందంటే, ఆ మందు అప్పటికప్పుడు చేతికి రానట్టే. ఫార్మసిస్టు క్లెయిమ్ పంపిన కొన్ని సెకన్లకే బీమా వైపు నుంచి వచ్చే జవాబు అది. ‘ప్రయర్ ఆథరైజేషన్ కావాలి’ అని దానర్థం. డాక్టరు రాస్తే సరిపోదు, ముందు మా అనుమతి తీసుకోండి, ఆ తర్వాతే డబ్బు కడతాం అన్నమాట. ఇంతకీ ఎందుకీ మెలిక?

ఒకే మందు, రెండు పేర్లు
సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ 2017లో షుగర్ జబ్బుకు ‘ఒజెంపిక్’గా, 2021లో బరువు తగ్గడానికి ‘వెగోవీ’గా అనుమతి పొందింది. షుగర్‌కైతే చాలా బీమా ప్లాన్లు డబ్బిస్తాయి, బరువుకైతే చాలా ప్లాన్లు ఇవ్వవు. అందుకే ఒజెంపిక్ రాస్తే చాలాసార్లు డాక్టరు ఆఫీసుకు ఫారం వస్తుంది. జబ్బు కోడ్ ఏమిటి (టైప్ 2 షుగర్‌కు ఈ11), మూడు నెలల షుగర్ సగటు చెప్పే ఏ1సీ ఎంత, షుగర్‌కు ముందుగా ఇచ్చే చవక మాత్ర మెట్‌ఫార్మిన్ వాడి చూశారా అని అడుగుతుంది. షుగర్ పేరు చెప్పి బరువు కోసం తీసుకుంటున్నారేమోనని బీమా కంపెనీ అనుమానం.

చవకది వాడాకే ఖరీదైనది
దీన్ని ‘స్టెప్ థెరపీ’ అంటారు. కీళ్లవాతానికి ముందు మెథోట్రెక్సేట్ మాత్రలు, అవి పనిచేయకపోతేనే నెలకు వేల డాలర్లయ్యే ఇంజెక్షన్లు. వైద్యులూ మామూలుగా ఈ వరసలోనే వెళతారు కాబట్టి ఇందులో కొంత న్యాయం ఉంది. చిక్కల్లా ఉద్యోగం మారి బీమా మారినప్పుడే. పాత చికిత్స వివరాలు కొత్త కంపెనీకి చేరకపోతే, ఒకసారి వాడి పనికిరాదని తేలిన మందునే మళ్లీ మొదటి నుంచి వాడమనే ప్రమాదం ఉంది.

హైదరాబాద్ చెప్పిన ధర
హెపటైటిస్ సి మందు ‘సొవాల్డి’ 2013 డిసెంబరులో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మాత్ర వెయ్యి డాలర్లు. రోజుకొకటి చొప్పున 12 వారాల కోర్సుకు 84,000 డాలర్లు. ఆ బిల్లు చూసి బెంబేలెత్తిన చాలా రాష్ట్రాల మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ బీమా) పథకాలు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకే ఇస్తామని షరతు పెట్టాయి. నయం చేసే మందు ఎదురుగా ఉన్నా, జబ్బు ముదిరేదాకా ఆగమన్నట్టు! ఇలాంటి ఆంక్షలు చట్టానికి విరుద్ధం కావచ్చని 2015 నవంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలను హెచ్చరించింది.

అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఇదే మందు జెనరిక్‌ను మన దేశంలో విడుదల చేసింది. 28 మాత్రల సీసా గరిష్ఠ ధర 19,900 రూపాయలు. అమెరికాలో అవే 28 మాత్రలకు 28,000 డాలర్లు, అప్పటి లెక్కన 17 లక్షల రూపాయల పైమాటే. జబ్బూ మందూ ఒకటే అయినా, ధర ఎక్కడ ఆకాశాన్నంటిందో షరతులూ అక్కడే పుట్టుకొచ్చాయి.

వడపోసేది ఎవరు?
చాలావరకు బీమా కంపెనీ తరఫున మందుల వ్యవహారం చూసే ‘పీబీఎం’ సంస్థలు. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడింటి చేతుల్లోనే అమెరికా ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం ఉన్నాయి. తయారీదారు ఇచ్చే రిబేటు కూడా బీమా డబ్బిచ్చే మందుల జాబితాలో మందు స్థానాన్ని మార్చగలదు. కాబట్టి సులువుగా అనుమతి దొరికే మందే అన్నిటికన్నా చవకదని అనుకోనక్కర్లేదు.

కాదంటే అదే చివరి మాటా?
కానే కాదు. వృద్ధుల ప్రభుత్వ బీమా ‘మెడికేర్’ మందుల పథకంలో మామూలుగా 72 గంటల్లో, అత్యవసరమైతే 24 గంటల్లో ఏదో ఒకటి తేల్చాలి. అనుమతి రాకపోతే అప్పీలు చేసుకోవచ్చు. మెడికేర్ కిందే ప్రైవేటు కంపెనీలు నడిపే ‘మెడికేర్ అడ్వాంటేజ్’ ప్లాన్లు 2022లో తిరస్కరించిన వైద్య సేవల అభ్యర్థనల్లో అప్పీలుకు వెళ్లినవి పదో వంతే. వెళ్లినవాటిలో 80 శాతానికి పైగా నిర్ణయం మారింది. అవి మందుల లెక్కలు కాకపోయినా, అడగనివాళ్లు ఎంత వదులుకుంటున్నారో చెబుతాయి. ఇక డాక్టర్ల తిప్పలు వేరే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సర్వేల ప్రకారం ఒక్కో డాక్టరుకు వారానికి సుమారు 40 అభ్యర్థనలు. వాటికోసం డాక్టరూ సిబ్బందీ వెచ్చించేది 12, 13 గంటలు.

సామానులో ఇదీ సర్దుకోండి
అమెరికాకు కొత్తగా వెళ్లే మన వాళ్లకు ఒక చిన్న మాట. ఇక్కడ వాడిన మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు పారేయకండి. ‘చవక మందు ఇదివరకే వాడాను, పనిచేయలేదు’ అనడానికి అక్కడి డాక్టరు చూపించగల ఆధారం ఆ కాగితాలే.