రోగి చరిత్రకు క్రమము కావలెను

కుప్పము ప్రాంతీయ వైద్యశాలయందు 2025 జులైలో టాటావారి డిజిటల్ నర్వ్ సెంటర్ ప్రారంభమైనది. పల్లెల ఆరోగ్య కేంద్రములను పెద్ద వైద్యులతో కలిపి, ప్రజల ఆరోగ్య చరిత్రలను కంప్యూటరులో భద్రపరచుట దాని యుద్దేశము. 2021లో దేశమంతట నారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వారి 14 అంకెల ఆభా సంఖ్యయు నిట్టి ప్రయోజనమునకే యేర్పడినది. ఈ యత్నమును మేము హృదయపూర్వకముగ నభినందించుచున్నాము. కాని కూర్చుట వేరు, తీర్చుట వేరు. పంటను కళ్లమున కుప్పవోసినంతనే గాదె నిండదు; తూర్పారబట్టవలెను.

పుంగనూరు రైతొకడు మధుమేహమునకు మదనపల్లెలోను, మూత్రపిండముల బాధకు కుప్పములోను చికిత్స పొందెననుకొందము. పదేండ్ల రక్తపరీక్షలు, ఎక్సురేలు, మందుచీటీలు తెరమీద నొకదానివెంట నొకటి దొర్లుచుండును. నిన్నటి మాటనే నేడు నకలు చేసి యతికించుటచే పుటలు మరింత పెరుగును. వాకిట జనము వేచియుండగా వైద్యుడు దేనిని చదువగలడు? ఆ రైతునకు పడని మందు పేరు ఏ నడిమి పుటలోనో దాగియున్నచో, అది వ్రాయబడియు లేనట్లే. కాగితము లేమివలననే కాదు, కాగితము పెచ్చు పెరుగుటవలనను ప్రాణమునకు ముప్పు గలదు.

ఈ చిక్కునకు మార్గము లేకపోలేదు. అమెరికా వైద్యుడు లారెన్సు వీడ్ 1968లోనే దానిని చూపెను. కాగితము వచ్చిన చోటునుబట్టి గాక, రోగి సమస్యలనుబట్టి చరిత్రను వ్రాయవలెననియు, సమస్యల పట్టిక మొదట నుండవలెననియు నాతని సిద్ధాంతము. మన సీమకును ఇట్టి శ్రద్ధ క్రొత్త గాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమునందలి క్షయ చికిత్సాలయమువారు 1950-55 నడుమ చుట్టుపట్ల గ్రామీణులను పరీక్షించి, క్షయవ్యాప్తిని లెక్కగట్టిరి. ఏమి తెలిసికొనవలెనో ముందు నిశ్చయించుకొన్నవారికే అట్టి లెక్కలు ఫలించును.

కావున మేము కోరునది స్వల్పము. చరిత్ర మొదటి పుటలో నాలుగు విషయములుండవలెను: ఇప్పుడున్న వ్యాధులు, వాడుచున్న మందులు, పడని మందులు, క్రిందటి రాకకును నేటికిని పరీక్షలలో వచ్చిన మార్పు. తక్కినవి చెరుపక వెనుక నుంచి, అడిగినప్పుడు చూపవలెను. యంత్రమే సారాంశము వ్రాసినచో, ప్రతి వాక్యమునకును మూలపత్రము వెంటనే కానరావలెను. ఈ యేర్పాటును యంత్రములమ్మువారు గాక, దినదినము దానిని వాడు వైద్యులును నర్సులును నిర్ణయింపవలెను. ఆ మొదటి పుట తెలుగులో రోగి చేతికిని రావలెను.

వైద్యుని కన్నులు తెరకు గాక రోగి ముఖమునకు మరలినపుడే ఈ ధనవ్యయము సార్థకమగును.