కళాశాల మానుటకును గడువు కలదు

కళాశాలలో చేరుటకు గడువున్నదని యెల్లరకు తెలియును. పత్రికలలో ప్రకటింతురు, రేడియోలో చెప్పుదురు, మీసేవా కేంద్రము ముందు పిల్లలు బారులు తీరుదురు. చేరిన చదువును విడుచుటకును గడువున్నదను సంగతి మాత్రము చాల యిండ్లలో తెలియదు. తెలియునప్పటికి ఆ దినము దాటిపోయి యుండును. అందువలన నేడీ విషయమును కొంత వివరముగా శ్రోతల ముందుంచదలచినాము.

సిద్దిపేట జిల్లా తొగుటనుండి ఒక బాలిక సిద్దిపేటకో గజ్వేలుకో డిగ్రీ చదువునకు పోవుచున్నదనుకొందము. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. సీటు వచ్చినంతమాత్రమున చాలదు; చెప్పిన దినములోగా ఆన్‌లైనులో తానే రిపోర్టు చేయవలెను, లేకున్న సీటు పోవును. మన బాలిక అట్లే చేసి చేరినది. కొన్ని వారములకు ఇంజనీరింగు కౌన్సెలింగులో వేరొకచోట సీటు దొరకినది. ఇంటిల్లిపాదికి సంతోషము. మరునాటినుండి ఆమె డిగ్రీ కళాశాల బస్సెక్కలేదు. ఇక ఆ కళాశాలతో పని తీరినదని తండ్రి తలచినాడు.

తీరలేదు. ఆమె కళాశాలకు పోవుట మానినది గాని కళాశాలను మానలేదు. హాజరుపట్టీలో పేరట్లే యున్నది, ఫీజు అక్కడే యున్నది, టి.సి. అక్కడే యున్నది. తాను విరమించుచున్నానని వ్రాతపూర్వకముగా తెలిపిన దినమే విరమణ దినముగా లెక్కకు వచ్చును. రాకుండుటను ఎవ్వరును విరమణగా గణింపరు.

ఈ దినముపై ఎంత ధనము ఆధారపడియున్నదో చూతము. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము, అనగా యు.జి.సి., 2018 అక్టోబరులో ఫీజు వాపసునుగూర్చి ఒక ప్రకటన వెలువరించినది. ప్రవేశములకు ఆఖరి తేదీ ఆగస్టు 31 అనియు, ఫీజు 20,000 రూపాయలనియు అనుకొందము. ఆగస్టు 16 నాటికే విరమణపత్ర మిచ్చినచో మొత్తము ఫీజు తిరిగి రావలెను. ఖర్చుల క్రింద నూటికి 5 వంతులకు, అదియును 5,000 రూపాయలకు, మించకుండ పట్టుకొనవచ్చును. మన లెక్కలో 19,000కు తక్కువ కారాదు. ఆ తరువాత ఆఖరి తేదీలోపల నూటికి 90, అనగా 18,000. ఆఖరి తేదీ దాటిన 15 దినములలో 16,000. మరి 15 దినములలో, అనగా సెప్టెంబరు 30 వరకు, సగము. అక్టోబరు 1న పోయి యడిగినచో ఏమియు రాదు. బస్సు మానిన తండ్రికిని, ఒక కాగితము వ్రాసియిచ్చిన తండ్రికిని ఇంత వ్యత్యాసము! ఈ దినములను లెక్కించునది పిల్ల చేరిన తేదీనుండి కాదు, సంస్థ ప్రకటించిన ప్రవేశముల ఆఖరి తేదీనుండి. పలువురు పొరబడునది ఇక్కడనే.

కొన్ని సంవత్సరములలో యు.జి.సి. ఇంతకన్న ఉదారమైన గడువు నిచ్చినది. 2024-25లో సెప్టెంబరు 30 వరకు పూర్తి ఫీజు, అక్టోబరు 31 వరకు 1,000 రూపాయలకు మించకుండ తగ్గించి మిగిలినది ఇచ్చివేయవలెనని చెప్పినది. కావున ఆ యేటి ఉత్తర్వేమో ముందుగా కనుగొనుట మేలు. విరమణపత్రము రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై కళాశాలవారి ముద్రయు తేదీయు వేయించుకొని దాచుకొనవలెను. ఆ పత్ర మందిన 15 దినములలో సొమ్ము చెల్లింపవలెనని అదే ప్రకటన చెప్పుచున్నది. అసలు ధ్రువపత్రములను సరిచూచి తిరిగి యిచ్చివేయవలెనే గాని, మొత్తము కోర్సు ఫీజు కట్టినగాని యియ్యమని పట్టుకొనరాదనియు అందు కలదు. మన ప్రాంతమున ఈ నిబంధనను మరచిన కళాశాలలు లేకపోలేదు. అట్టిచో, 2023 నాటి యు.జి.సి. నిబంధనల ననుసరించి, ముందు విద్యార్థుల ఫిర్యాదుల సంఘమునకును, పిదప విశ్వవిద్యాలయపు అంబుడ్స్‌పర్సనునకును వ్రాయవచ్చును.

ఇది చదువు మొత్తమును మానుటనుగూర్చిన మాట. చదువు సాగించుచునే ఒక్క పాఠ్యాంశమును విడుచుట వేరు. ఐ.ఐ.టి.ల వంటి సంస్థలలోను, విదేశ విశ్వవిద్యాలయములలోను ఈ వీలు కలదు. అమెరికాలో సాధారణముగా రెండు గడువు లుండును. సెమిస్టరు మొదటి దినములలో విడిచినచో ఆ పాఠ్యాంశము పేరే రికార్డులో నుండదు. తరువాతి గడువులోగా విడిచినచో 'డబ్ల్యు' అను అక్షరము నిలుచును. అది మార్కుల సగటును తగ్గింపదు. చెప్పక మానినవానికి మాత్రము తప్పినట్లే వేయుట పరిపాటి.

ఇచ్చట అధ్యాపకుల బాధ్యత పెద్దది. తాను తేలగలనో మునుగుదునో విద్యార్థికి తెలియవలెనన్న, మొదటి పరీక్ష పత్రములు గడువునకు ముందే దిద్ది యియ్యవలెను. గడువు దాటిన మరునాడు ఇచ్చిన మార్కులు ఈ నిర్ణయమునకు అక్కరకు రావు. మన కళాశాలలలో సైతము, వరుసగా రెండు వారములు రాని విద్యార్థి యింటికి అధ్యాపకుడొక ఫోను చేసినచో, పైన చెప్పిన తండ్రి డబ్బు నిలుచును గదా!

అమెరికాకు పిల్లలను పంపిన మన యిండ్లవారు మరియొక సంగతి నెరుంగవలెను. 2023-24లో అక్కడి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగువారు మెండు. ఎఫ్-1 వీసాపై డిగ్రీ చదువువారు సెమిస్టరుకు కనీసము 12 క్రెడిట్లు చదువవలెను. పై చదువులవారికి విశ్వవిద్యాలయమే పరిమితి నిర్ణయించును. కష్టమైన పాఠ్యాంశమును కళాశాల గడువులోపలనే విడిచినను, ఆ పరిమితికి దిగువకు జారినచో వీసా స్థితి చెడును. అట్లు జారకముందే విదేశీ విద్యార్థుల వ్యవహారములు చూచు అధికారి అనుమతి పొందవలెను. ఆంగ్లభాష చిక్కు, అక్కడి బోధనారీతి క్రొత్తదగుట, తమ స్థాయికి తగని పాఠ్యాంశమున చేరుట వంటి కారణములకు అనుమతి లభింపవచ్చును. అప్పుడును సగము చదువైనను సాగింపవలెను. అనారోగ్యమైనచో వైద్యుని పత్రముతో పూర్తిగా విరామము పొందవచ్చును గాని, ఒక స్థాయి చదువునకు అన్నియు కలిపి 12 నెలలకు మించరాదు.