రాతి ఇంట్లో బస

అలాచాతిలో హోటల్ కోసమని పెద్ద భవనం వెతికితే కనబడదు. టర్కీ పడమటి తీరాన, ఇజ్మీర్ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, చెష్మే ద్వీపకల్పం మీద ఉంటుందీ ఊరు. పాత ఊళ్ళోని హోటళ్ళలో చాలామటుకు ఒకప్పటి ఇళ్ళే. రెండంతస్తుల రాతి కట్టడం, నీలం తలుపులు, వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీ గది, గోడెక్కిన కాగితంపూల తీగ. గుమ్మం పక్కన అరచేతి వెడల్పు పలక మీద పేరుంటే హోటల్, లేకపోతే ఎవరిదో కాపురం. అలాంటి కొద్దిపాటి గదుల ఇంటినే అక్కడ బుటిక్ హోటల్ అంటున్నారు.

నాది పాత కట్టడాల మరమ్మతు పని. హైదరాబాద్‌లో డంగు సున్నంతో కట్టిన ఇళ్ళ చుట్టూ తిరుగుతుంటాను. అందుకే గదిలో అడుగుపెట్టగానే మంచం కన్నా ముందు గోడ దగ్గరికి వెళ్ళాను. కిటికీ దగ్గర చూస్తే మందం రెండడుగులకు తక్కువ లేదు. ఆ మందంలోనే కాళ్ళు ముడుచుకుని కూర్చునేటంత అరుగు కుదిరింది. రాయి లేత గోధుమ రంగు. అగ్నిపర్వతపు బూడిద పేరుకుని గట్టిపడగా తయారైన మెత్తటి రాయి. బరువు తక్కువ, లోపలంతా సన్నటి రంధ్రాలు. ఎండ వేడి ఇవతలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మే నెల చివర, వీధిలో నేల కాలుతున్న వేళ కూడా ఆ గదిలో ఏసీ వెయ్యాలనిపించలేదు.

రాళ్ళ సందుల్లో పెట్టింది సున్నమా సిమెంటా అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. వేలితో తడిమి చూశాను. సున్నమే. ఆ మాట ఇంటావిడతో అన్నాను. ఆవిడ ఇజ్మీర్‌లో ఇంగ్లీషు పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. వీధిలో అందరూ ఆమెను ఆబ్లా (అక్క) అంటారు, నేనూ అలాగే పిలిచాను. "అయితే నువ్వు ఇది చూడాలమ్మా" అంటూ నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, కింద వెనకవైపు గోడ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ ఆ ఇల్లు బాగుచేయించకముందు ఎవరో మేస్త్రీ ఆ గోడ రాళ్ళ సందుల్లో సిమెంటు పెట్టాడట. రాళ్ళు లోపలికి అరిగిపోయాయి, వాటి మధ్య సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా బయటికి నిలబడి ఉన్నాయి. గోడలోకి చేరిన తేమ సున్నంలోంచి బయటికి పోగలదు, సిమెంటులోంచి పోలేదు. దారి మూసుకుపోయేసరికి మెత్తటి రాయిలోంచే పోతుంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు ఆ రాయిలో పేరుకుని, గడ్డకట్టి, పైపొరను రాల్చేస్తుంది. బలంగా ఉండాలని వేసిన సిమెంటే గోడను తినేసింది. ఈ సంగతి మనవైపు ఇంటి యజమానులకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఆ గోడను ఆబ్లా మార్చలేదు, సున్నం పూసి దాచనూ లేదు. వచ్చిన వాళ్ళకు చూపించడానికే అలా ఉంచానంది.

ఆ కింది గది ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలు, ఆలివ్ నూనె జాడీలు పెట్టుకున్న కొట్టు. కాపురం మేడ మీద. ఈ ఇళ్ళలో ఎక్కువభాగం 19వ శతాబ్దంలో గ్రీకులు కట్టుకున్నవి. ఊరికి దక్షిణాన బురదనేలలు ఉండేవనీ, వాటిని ఎండగట్టడానికి ఎదురుగా ఉన్న కియోస్ దీవి నుంచి కూలీలను రప్పించారనీ, వాళ్ళే ఇక్కడ స్థిరపడి ద్రాక్షతోటలు వేశారనీ ఊళ్ళో చెబుతారు. ఆ తరవాతి చరిత్ర దుఃఖంతో నిండినది. మొదటి ప్రపంచ యుద్ధం ముంగిట 1914లోనూ, గ్రీకు–టర్కీ యుద్ధం ముగిసిన 1922లోనూ వాళ్ళు ఊరు విడిచి సముద్రం దాటారు. 1923 జనవరిలో లోజాన్‌లో రెండు దేశాలూ జనాభా మార్పిడి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మతాన్ని బట్టి ఎవరు ఏ దేశానికి చెందుతారో కాగితం మీద తేల్చేశారు. అప్పటికే పారిపోయిన వాళ్ళతో కలిపి సుమారు 12 లక్షల మంది ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు చేరితే, నాలుగు లక్షల దాకా ముస్లింలు టర్కీకి వచ్చారు. అలాచాతిలో ఖాళీ అయిన ఇళ్ళలోకి క్రీట్ దీవి నుంచి, బాల్కన్ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు దిగాయి.

ఆబ్లా వాళ్ళ నానమ్మ అలా క్రీట్ నుంచి వచ్చిన పిల్లే. ఇంట్లో గ్రీకే మాట్లాడేదట, టర్కిష్ చివరిదాకా తడబడుతూనే ఉండేదట. సొంత ఇల్లు అక్కడ వదిలి, ఇంకొకరు వదిలిన ఇంట్లో పొయ్యి వెలిగించిన ఆమె గురించి ఆబ్లా చెబుతున్నంతసేపూ నేను ఆ గోడనే చూస్తూ ఉండిపోయాను. ఊరి నడుమ మార్కెట్ దగ్గరి మసీదుకు వెళ్ళినా ఇదే చరిత్ర ఎదురవుతుంది. 1874లో అది చర్చిగా కట్టిన కట్టడం. చర్చినాటి పాలరాతి చెక్కడం ఇప్పటికీ లోపల ఉంది. నమాజు వేళ దానికి పరదా వేస్తారు.

క్రీట్ వాళ్ళు తమతో తెచ్చుకున్నదాంట్లో ఇవాళ్టికీ కళ్ళముందు కనిపించేది ఆకుకూరల వంట. పొద్దున ఫలహారానికి బల్ల నిండా చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. ఆలివ్‌లు, రెండు మూడు రకాల జున్ను, టమాటా, దోసకాయ ముక్కలు, అంజీరు జామ్, నారింజ జామ్, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె. వీటి మధ్యలో ఆకు వేసిన గుడ్డట్టు. రెండు అంతస్తుల టీ కెటిల్‌లోంచి వంచుతున్న కొద్దీ టీ. ముట్టుకుంటే దురద పుట్టే ఆకును కూడా ఉడికించి, ఆలివ్ నూనె వేసి, నిమ్మరసం పిండి పెడతారు. సోంపు మొక్క లేత ఆకు, సముద్రపు ఒడ్డున ఉప్పునేలలో పెరిగే ఆకులేని పచ్చటి కాడలు, చేదు ఆకులు, పుల్ల ఆకులు, అన్నీ తింటారు. శనివారం సంతలో ఒక ముసలామె ముందు కట్టలు కట్టిన గంగవాయిలి కూర చూసి ఆగిపోయాను. మనం పప్పులో వేసుకునేదాన్ని వాళ్ళు పచ్చిగానే తుంచి, పెరుగులో వెల్లుల్లి నూరి కలుపుతారు. ఆ రాత్రి ఆబ్లా చేసి పెట్టింది. పప్పులో కంటే అలాగే రుచి అని నాకు గట్టిగా అనిపించింది. 2010 నుంచి వసంతంలో ఈ ఊళ్ళో ఆకుకూరల పండుగ జరుపుతున్నారు. మాంసం తినని తెలుగువాళ్ళకు ఏజియన్ తీరంలో తిండికి ఇబ్బంది లేదు. ఆలివ్ నూనెలో మగ్గించి చల్లారాక వడ్డించే కూరలు అడిగితే చాలు.

ఊరు ఇలా నిలిచిందంటే దానికి ఒక కారణం పేదరికం. కొత్త ఇల్లు కట్టే స్తోమత లేక పాతవాటిలోనే ఉండిపోయారు. తరవాత గాలి దారి చూపింది. ఊరి దగ్గరి అఖాతంలో చాలా దూరం నడుములోతు నీళ్ళే, పైన తెరపి లేని గాలి. 1990లలో విండ్‌సర్ఫింగ్ వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. 2001లో తాష్ ఓటెల్ తెరుచుకుంది. ఊళ్ళో తొలి బుటిక్ హోటల్‌గా దాన్నే చెబుతారు. దాన్ని చూసి ఇస్తాంబుల్, ఇజ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్ళు ఒక్కో ఇల్లూ కొని బాగుచేయించడం మొదలుపెట్టారు.

హోటళ్ళే రాకపోతే ఆ పైకప్పుల్లో సగం ఈపాటికి కూలిపోయేవి. పాత ఇంటిని నిలబెట్టాలంటే దానికి ఏటా ఖర్చుంటుంది, ఆ ఖర్చు ఎవరో పెట్టాలి. ఇది నా పనిలో రోజూ చూసేదే. కానీ కెమాల్‌పాషా వీధిలో ఆ చివర నుంచి ఈ చివరి దాకా నడిస్తే కాపురమున్న ఇల్లు కనిపించడం కష్టం. బట్టల కొట్లు, కాఫీ దుకాణాలు, భోజనశాలలు, మళ్ళీ హోటళ్ళు. ధరలు పెరిగాక క్రీట్ వాళ్ళ మనవలు ఇళ్ళు అమ్మేసి ఊరి అంచుకు వెళ్ళిపోయారు. వేసవి రాత్రుల్లో పాటల మోత ఎక్కువై, ఉన్న ఒకరిద్దరూ తలుపులు బిగించుకుంటారని ఆబ్లా బాధపడింది. గోడలు దక్కాయి, ఇరుగుపొరుగు దక్కలేదు. రెండూ కలిసి దక్కేలా చేయవచ్చని నేను నమ్ముతాను. కొన్ని వీధుల్లో హోటళ్ళ సంఖ్యకు హద్దు పెట్టి, మిగతాచోట కాపురమున్న వాళ్ళకే మరమ్మతుకు సాయమందిస్తే మేస్త్రీలకు పనీ ఉంటుంది, అరుగు మీద మనుషులూ ఉంటారు.

అందుకే వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది, జూలై, ఆగస్టులు వద్దు. ఏప్రిల్, మే గానీ సెప్టెంబరు చివర గానీ పెట్టుకోండి. గది హజీ మెమిష్ పేట వైపు తీసుకుంటే మంచిది. అక్కడ ఇంకా పొద్దున్నే గుమ్మం కడుక్కునేవాళ్ళు కనబడతారు. ఇల్లు ఎవరిది, ఎప్పుడు కట్టింది, ఎవరు బాగుచేశారు అని అడగండి. చెప్పగలిగిన యజమాని దగ్గరే దిగండి. ఇజ్మీర్ విమానాశ్రయం నుంచి రహదారి మీద గంటకు కాస్త అటూఇటూ ప్రయాణం. చెష్మే నుంచి కియోస్‌కు ఓడలో దాటితే, ఇక్కడి పాయసంలో, ఐస్‌క్రీంలో వేసే మస్తిక్ జిగురు చెట్లను చూడవచ్చు. ఆ జిగురు తీసే పద్ధతిని యునెస్కో 2014లో తన జాబితాలో చేర్చింది. అయితే దీవి గ్రీసుది కాబట్టి షెంగెన్ వీసా కావాలి. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వీసాల్లో ఏదైనా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. కాబట్టి ఆ దేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చే తల్లిదండ్రులు దారిలో ఆగవచ్చు.

నేను మాత్రం ఈసారి నవంబరులో వెళ్ళాలనుకుంటున్నాను. చాలా హోటళ్ళు మూసేస్తారు, ఆబ్లా మూయదు. అప్పుడు ఆలివ్ కోతలు. వెనకవైపు గోడకు ఆ సిమెంటు తవ్వి తీసి సున్నం పెట్టడం ఎలాగో చూద్దాం రమ్మంది. ఒక మూల మాత్రం అలాగే వదిలేయాలన్నది ఆమె షరతు.