స్పాటిఫైలో రిలీజ్ చేయలేదు.. అయినా 2024 ఫస్టాఫ్‌లో మోత మోగించిన రాక్ ఆల్బమ్ ఇదే!

ఒకే ఆల్బమ్. 32 పాటలు. నిడివి రెండు గంటల పైనే. వచ్చినప్పుడు స్పాటిఫైలో లేదు, యాపిల్ మ్యూజిక్‌లోనూ లేదు. టీజర్లు, ప్రీ రిలీజ్ ఈవెంట్ల హడావుడి అసలే లేదు. అప్పట్లో వినాలంటే రెండే దారులు. ఒకటి, యూట్యూబ్‌లో మొత్తం ఆల్బమ్‌ని ఒకే వీడియోగా వినడం. రెండోది, నెట్ సెంటర్ల రోజుల్ని గుర్తుచేసే ఓ పాతకాలపు జియోసిటీస్ పేజీలోకి వెళ్లి డౌన్‌లోడ్ చేసుకోవడం. నచ్చితే 30 కెనడియన్ డాలర్లు, అంటే మన లెక్కలో అప్పట్లో సుమారు 1,800 రూపాయలు పంపండి అని అక్కడ రాసి ఉండేది. పంపకపోయినా అడిగేవాళ్లు లేరప్పుడు.

మార్చి 29న ఇలా చడీచప్పుడు లేకుండా వచ్చిన ఈ ఆల్బమ్ పేరు 'డైమండ్ జూబిలీ'. ఆర్టిస్ట్ పేరు సిండీ లీ. 2024 సగం గడిచేసరికి 'ఇప్పటివరకు బెస్ట్' లిస్టులు అన్ని చోట్లా వచ్చాయి. మా లిస్టులో మాత్రం మొదటి పేరు విషయంలో డౌటే లేదు.

అసలు ఈ ఎక్స్‌పెరిమెంటల్ ఇండీ రాక్ ఏంటి?

మనకు ఆల్బమ్ అంటే సినిమా పాటలే. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో బీజీఎం. ఇండీ అంటే పెద్ద మ్యూజిక్ కంపెనీల చేతిలో లేకుండా చిన్న లేబుల్స్ ద్వారానో, సొంతంగానో చేసుకునేది. ఎక్స్‌పెరిమెంటల్ అంటే ఆ పల్లవి-చరణం లెక్కని కావాలనే చెడగొట్టేది. ఒక్కోసారి వినడానికి చిరాగ్గా కూడా ఉంటుంది. అది తప్పేం కాదు.

ఎవరీ సిండీ లీ?

కెనడాలోని కాల్గరీకి చెందిన పాట్రిక్ ఫ్లెగెల్ వేసుకున్న వేషమే సిండీ లీ. విగ్గు, మెరుపుల గౌనుతో స్టేజ్ ఎక్కుతారు. అంతకుముందు ఫ్లెగెల్ 'విమెన్' అనే బ్యాండ్‌లో ఉండేవారు. 2010లో ఆ బ్యాండ్ స్టేజ్ మీదే గొడవపడింది, ఆ తర్వాత విడిపోయింది. 2012లో ఆ బ్యాండ్ గిటారిస్ట్ క్రిస్ రైమర్ 26 ఏళ్లకే నిద్రలోనే చనిపోయారు. ఇదంతా తెలిశాక వింటే ఆల్బమ్‌లోని దిగులు ఇంకోలా వినిపిస్తుంది.

సౌండ్ ఎలా ఉంటుందంటే.. 1960ల నాటి అమెరికన్ అమ్మాయిల గ్రూపుల పాటల్ని పాత రేడియోలో, ఎక్కడో దూరపు స్టేషన్‌లో పట్టుకున్నట్టు ఉంటుంది. మధ్యలో గరగర. ఉన్నట్టుండి ఒక గిటార్ ట్యూన్ వచ్చి గుండె పిండేస్తుంది, మీరు దాన్ని పట్టుకునేలోపే పాట అయిపోతుంది. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పేరు లేని క్యాసెట్ దొరికితే ఎలా ఉంటుంది? అలా అన్నమాట.

పిచ్‌ఫోర్క్ అనే అమెరికన్ మ్యూజిక్ సైట్ దీనికి 10కి 9.1 ఇచ్చింది. 2020లో ఫియోనా ఆపిల్ ఆల్బమ్‌కి 10కి 10 ఇచ్చాక, కొత్త ఆల్బమ్‌కి ఆ సైట్ ఇచ్చిన పెద్ద స్కోరు అప్పటికి ఇదే. విచిత్రం ఏంటంటే, జనవరిలోనే ఆ సైట్‌ని దాని ఓనర్ కాండే నాస్ట్ సంస్థ జీక్యూ మ్యాగజైన్‌లో కలిపేసి, చాలామంది స్టాఫ్‌ని తీసేసింది. ఇక మ్యూజిక్ రివ్యూల పని అయిపోయింది అనుకుంటున్న టైమ్‌లో ఒక్క రివ్యూ ఇంతమందిని ఓ జియోసిటీస్ పేజీకి పంపింది. ఆ క్రేజ్ పీక్స్‌లో ఉండగానే, మేలో ఫ్లెగెల్ మిగిలిన టూర్ డేట్స్ క్యాన్సిల్ చేసేశారు!

స్పాటిఫైలో ఎందుకు పెట్టలేదు అనే ప్రశ్నకి ఓ లెక్క చూడండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే అవ్వకపోతే దానికి రాయల్టీ సున్నా. పెద్ద హీరోల పాటలకి ఇది లెక్కే కాదు. గదిలో కూర్చుని రికార్డ్ చేసుకునేవాళ్లకి మాత్రం అసలే తక్కువగా వచ్చేది కూడా పోయింది. అదే నచ్చినవాళ్లు నేరుగా 30 డాలర్లు పంపితే? ఆ డబ్బు కోసం ఎన్ని వేల ప్లేలు కావాలో ఆలోచించండి.

డబ్బు దగ్గర ఇంత పట్టుదలగా ఉన్న మనిషి ఇంకొకరున్నారు. స్టీవ్ అల్బినీ. నిర్వాణా 'ఇన్ యుటెరో' రికార్డ్ చేసింది ఆయనే. లక్షల్లో అమ్ముడైన ఆ ఆల్బమ్‌పై రాయల్టీ వద్దన్నారు. ప్లంబర్‌కి ఇచ్చినట్టు చేసిన పనికి డబ్బులిస్తే చాలని బ్యాండ్‌కి ముందే లెటర్ రాశారు. చికాగోలో సొంత స్టూడియో పెట్టుకుని, తనని ప్రొడ్యూసర్ అనొద్దు, ఇంజనీర్ అనండి అనేవారు. మే 7న గుండెపోటుతో 61 ఏళ్లకి కన్నుమూశారు. పది రోజులకి, మే 17న, ఆయన బ్యాండ్ షెల్లాక్ ఆల్బమ్ 'టు ఆల్ ట్రైన్స్' వచ్చింది. డేట్ ముందే ఫిక్స్ అయింది. పదేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్, మొత్తం 28 నిమిషాలే. గిటార్, బేస్, డ్రమ్స్.. అంతే, ఒక్క సౌండ్ ఎక్స్‌ట్రా ఉండదు. చివరి పాట పేరు 'ఐ డోంట్ ఫియర్ హెల్'. నరకం అంటే భయం లేదు అని. రాసినప్పుడు అది జోక్‌లాగే ఉండి ఉంటుంది. ఇప్పుడు వింటే మాత్రం నవ్వు రాదు.

ఇక కిమ్ గోర్డాన్. సోనిక్ యూత్ బ్యాండ్ ఫ్యాన్స్‌కి పరిచయం అక్కర్లేదు. మార్చి 8న 'ది కలెక్టివ్' రిలీజ్ అయ్యేనాటికి ఆమె వయసు 70. బామ్మ వయసులో ట్రాప్ బీట్! స్పీకర్లు పగిలిపోతాయేమో అనిపించే బేస్ మీద, 'బై బై' అనే పాటలో ఊరెళ్లేముందు సర్దుకోవాల్సిన సామాన్ల లిస్ట్ చదువుతూ పోతారు. అంతే పాట. ఫస్ట్ టైమ్ నవ్వొచ్చింది. మూడోసారికి ఆ లిస్ట్ ఎందుకో భయపెట్టింది. ఫోన్ స్క్రోల్ చేస్తూ చేస్తూ బుర్ర మొద్దుబారినప్పుడు లోపల ఉండే చప్పుడు ఇలాగే ఉంటుందేమో. రీల్స్ చూసేవాళ్లకి ఈ లిస్ట్‌లో త్వరగా ఎక్కేది ఇదే.

బెత్ గిబ్బన్స్ 'లైవ్స్ అవుట్‌గ్రోన్' పక్కా రాక్ కాదు. కానీ కర్టెన్లు నింపిన పెట్టెని డ్రమ్‌లా కొట్టి రికార్డ్ చేశారంటే వదలబుద్ధి కాలేదు. గ్లాస్గోలో కలిసిన ముగ్గురి బ్యాండ్ స్టిల్ హౌస్ ప్లాంట్స్ ఆల్బమ్ 'ఇఫ్ ఐ డోంట్ మేక్ ఇట్, ఐ లవ్ యు' అయితే ఇంకా కష్టం. బేస్ గిటారే లేదు. గిటార్, డ్రమ్స్, గొంతు.. మూడూ మూడు దారుల్లో పోతూ ఎక్కడో ఒకచోట ఢీకొంటాయి. సగం మంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. మేమూ మొదట ఆపేసినవాళ్లమే.

'డైమండ్ జూబిలీ' విషయంలో ఓ ప్రాక్టికల్ టిప్. యూట్యూబ్ ప్రీమియం లేకపోతే ఫోన్ స్క్రీన్ ఆపగానే ఆల్బమ్ కూడా ఆగిపోతుంది. కాబట్టి డౌన్‌లోడే బెటర్. వేవ్ ఫైల్స్, సైజు గట్టిగానే ఉంటుంది. వైఫై ఉన్నచోట పెట్టుకోండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్ వెళ్లి, మళ్లీ తిరిగొచ్చేసరికి దాదాపు పూర్తవుతుంది. మధ్యలో పాట మార్చకండి.